నేల జాలీకి కుట్టిన దిండు

అక్కకి గాలి గిట్టదు. నడి వేసవిలో కూడా ఆవిడ కుట్టుగదిలో కిటికీ రెక్క ఒక్కటే తెరిచి ఉంటుంది, అదీ బట్టకి వెలుతురు కావాలి కాబట్టి. బస్సు సీట్లకీ, సోఫాలకీ, ఆస్పత్రి పరుపులకీ కవర్లు కుట్టడం ఆవిడ పని. ఎక్కడ సందు కనపడినా ఆవిడ చెయ్యి ఊరుకోదు. తలుపు కింద సందుకి పొడవాటి దిండు, కిటికీ చట్రం చుట్టూ మందపాటి గుడ్డ పట్టీ, చివరికి తాళం కన్నానికి కూడా ఒక బుల్లి గుడ్డ బిళ్ల.

"మనింట్లోకి దొంగ దూరినా ఊపిరాడక వాడే తలుపు తీసుకుని పోతాడు" అని తమ్ముడు ఎగతాళి చేస్తుంటాడు.

ఎగతాళికేం, ఎన్నైనా చేస్తాడు. ఇదంతా వచ్చింది వాడి వల్లే కదా. తల్లి పోయిన చలికాలమే వాడి ఛాతీకి నెమ్ము చేరింది. అప్పటికి వాడింకా మాటలు సరిగ్గా రాని పిల్లాడు. అక్క ఓణీ వయసు కూడా రాని పిల్ల, అప్పుడప్పుడే కుట్టుపని నేర్చుకుంటోంది. కిటికీ సందుల్లో పీలికలు కుక్కి, వాడి పక్కన కూర్చుని, ఊపిరి ఆడుతోందో లేదో చూడ్డానికి వాడి ముక్కు ముందు ఒక దారప్పోగు పట్టుకునేది. దారం కదిలితే పిల్లాడు ఉన్నట్టు. అది కదలడం కాస్త ఆలస్యమైతే ఈవిడ ప్రాణం పోయినంత పనయ్యేది. వాడు బతికాడు, పెరిగాడు, మీసాలొచ్చాయి, ఏసీలు బాగుచేసే మెకానిక్కయ్యాడు. అయినా సరే, వాడు గట్టిగా దగ్గాడంటే అక్క చెయ్యి ఇప్పటికీ దారం కోసం తడుముకుంటుంది. లోకంలో ఆవిడకి వాడు తప్ప ఇంకెవరూ లేరు.

అలాంటివాడికి ఉన్నట్టుండి పాత క్యాంపర్ వ్యాను మీద మనసు పడింది. లోపలే మంచం, పొయ్యి, బట్టల అర అన్నీ ఉండే బండి. వయసులో వాడికంటే పెద్దది. అమ్మేది ఒక పెద్దాయన, ఒకప్పుడు బస్సు డ్రైవరు. చూడ్డానికి వెళ్లిన రోజు తమ్ముడు బండి వెనక ఇంజను స్టార్ట్ చేసి, ఆ రొదలోకి తల దూర్చి మైమరచి వింటున్నాడు. ఇంజను బాగుంటే చాలు, ఇంకేం చూడడు మహానుభావుడు. సీట్లు నొక్కి చూసేందుకు అక్కే లోపలికెక్కింది. పొయ్యి పక్కన, నేలలో, అరచెయ్యంత గుండ్రటి కన్నం ఉంది. దాని అడుగున ఇనప జాలీ. జాలీలోంచి కింద గడ్డి కనపడుతోంది.

"ఇదేంటండీ, నేలకి చిల్లు?"

పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆ రోజు ఆయన ఒక్కసారి కూడా బండి ఎక్కలేదన్న సంగతి అక్కకి చాలా రోజుల తర్వాత గుర్తొచ్చింది.

"గాలికి," అన్నాడు. "ఏమీ అడ్డం పెట్టకమ్మా. మా ఆవిడ పెట్టేది."

"చలికా?"

"ఆఁ, చలికే." ఆయన ఇంకేదో చెప్పబోయి, నీళ్లు నమిలి, టైర్ల గురించి మొదలుపెట్టాడు.

ఆ మాట అక్క తమ్ముడికి చెప్పలేదు. చెబితే వాడికి ఇంకో సాకు దొరుకుతుందని ఆవిడ భయం. ఎందుకంటే బండి ఇంటికొచ్చిన రోజునుంచీ వాడు చెవిలో జోరీగలా అదే పాట.

"చూడక్కా, ఇంత డబ్బాలో ఇద్దరు పడుకుంటే మన ఊపిరే మనకి శత్రువు. వదిలిన గాలి వేడెక్కి పైకి పోతుంది. కప్పు మీద మూత తెరిచుంటే బయటికెళ్లిపోతుంది. అది పోతేనే కింద జాలీలోంచి కొత్త గాలి వస్తుంది. ఈ రెండిట్లో ఏది మూసినా రెండోది ఉండీ లేనట్టే."

"మరి కాళ్లకి చలెయ్యదూ?"

"వేస్తే మేజోళ్లేసుకో. పొయ్యి వెలిగించినప్పుడైతే అసలు మూయకూడదు. మంట నీలంగా ఉన్నంతసేపూ పరవాలేదు. పసుప్పచ్చబడిందంటే పొయ్యికి గాలి చాలట్లేదన్నమాట. పొయ్యికి చాలకపోతే మనకీ చాలదు."

"ఏసీలోడివి, నీకు గాలి తప్ప ఇంకో మాట ఉండదు," అంది అక్క.

వాడు నవ్వి ఆవిడ పక్కనున్న దారపుండలోంచి తెల్లదారం ముక్క తెంపాడు. కన్నంలో చెయ్యి పెట్టి దాన్ని జాలీకి ముడేశాడు. కప్పు మూత పిడి తిప్పి తెరిచాడు. కాసేపటికి దారం సన్నగా వణుకుతూ లేచి నిలబడింది.

"గాలి లోపలికొస్తుంటే ఇలా లేచి ఉంటుంది. బయటికి పోతుంటే జాలీలోంచి కిందికి జారుతుంది. మంచి బండిలో ఎప్పుడూ లేచే ఉండాలి."

"ఈ దారం విద్య ఎక్కడ నేర్చుకున్నావురా?"

"ఎక్కడేంటక్కా. నీ దగ్గరే."

అక్కకి నవ్వు రాలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కొత్త కవరు వెయ్యడానికి పాత సీటు బట్ట చింపుతున్నట్టు అటు తిరిగింది.

ఆ చింపడంలోనే దొరికింది ఆ దిండు. వెనక సీటు లోపల, పాత పీచు మధ్య దాచినట్టుగా ఉంది. గుండ్రంగా, అరచెయ్యంత. జాలీ కన్నానికి సరిగ్గా సరిపోయే సైజు. అంచు చుట్టూ సన్నతాడు పెట్టి కుట్టిన పైపింగు, కంటికి ఆననంత సన్నటి చేతికుట్టు. ఎవరో గానీ పనిమంతురాలు. తిరగేసి చూస్తే రెండో వైపు నడిమధ్య బట్ట ముడతలుపడి ముందుకి పొడుచుకొచ్చి ఉంది. పసిపిల్లలు దుప్పటి కొసని నోట్లో పెట్టుకుని చీకితే అలాగే అవుతుంది. అక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, వెంటనే దూరంగా విసిరేసింది. పెట్టెలో ఏళ్ల తరబడి మగ్గిన బట్ట వాసన. దాని కింద ఇంకో వాసన. నిద్రలేచిన మనిషి నోటి వాసన.

అక్కడితో వదిలేస్తే బాగుండేది. కానీ మంచి కుట్టు కంట పడితే నమూనా తీసుకోకుండా ఉండటం ఆవిడ చేతకాదు. మర్నాడు తమ్ముడు పనిమీద వెళ్లగానే చెత్తలోంచి ఆ దిండు తీసి, కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు గీసుకుంది. అచ్చం అలాంటిదే ఒకటి కుట్టింది. కప్పు మూతకి నలుచదరంగా ఇంకోటి. రెండూ దుప్పట్ల మధ్య దాచేసింది. గాలి పాఠాలన్నీ సరే, వాడి ఛాతీ సంగతి వాడికంటే తనకే బాగా తెలుసని ఆవిడ ధీమా.

మొదటి ప్రయాణం కొండల మధ్య రిజర్వాయరు దాకా. గట్టు పక్కన చదునైన చోట బండి ఆపారు. అంతకు ముందు నాలుగు రోజులూ తమ్ముడు కోల్డ్ స్టోరేజీలో పనిచేసి వచ్చాడు, దగ్గు పట్టుకునే ఉంది. మధ్యాహ్నం మబ్బులు దిగాయి. సాయంత్రానికల్లా వాన పట్టుకుంది, అదీ వదిలే వాన కాదు. ఇంకా పొద్దు గుంకకుండానే చీకటి పడిపోయింది. రిజర్వాయరు ఎక్కడుందో, గట్టు ఎక్కడుందో తెలియలేదు. అద్దాల్లో తమ లోపలి దీపమే కనపడింది.

తమ్ముడు వేడినీళ్లు తాగి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. వాడు దగ్గినప్పుడల్లా అక్క దుప్పటి ఇంకాస్త పైకి లాగింది. నేల కన్నంలోంచి చల్లగాలి వచ్చి ఆవిడ మడమలకి తగులుతోంది. తెల్లదారం లేచి నిలబడి వణుకుతోంది.

"అక్కా, ఏం మూయకేం," అన్నాడు వాడు మగతగా. ఆవిడ చూపు ఎటుందో కళ్లు మూసుకునే కనిపెట్టేశాడు.

"మూయన్లేరా. పడుకో."

వాడి ఊపిరి బరువెక్కేదాకా ఆగింది. తర్వాత కప్పు మూత పిడి చప్పుడు కాకుండా తిప్పి మూసి, దానికి నలుచదరపు దిండు బిగించింది. మోకాళ్ల మీద కూర్చుని గుండ్రటి దిండుని కన్నంలోకి నొక్కింది. సరిగ్గా అతికింది. పని కుదిరినప్పుడు కుట్టేవాళ్లకి కలిగే తృప్తి ఉంటుందే, అది కలిగింది ఆవిడకి. కాస్త వెచ్చబడుతుందని పొయ్యి సన్నటి మంట మీద వెలిగించింది. ఎంతసేపు గనక, కాసేపే కదా అనుకుంది.

వెచ్చబడింది. కప్పు మీద వాన చప్పుడు కూడా దూరంగా జరిగినట్టయింది. దగ్గు ఆగింది. చూశావా, నీ గాలి పాఠాలూ నువ్వూ, అని మనసులోనే వాణ్ని వెక్కిరించి, అక్క పరదా అంచు మడవడానికి సూది తీసింది.

దారం ఎక్కలేదు.

మళ్లీ ప్రయత్నించింది. సూది కన్ను కనపడుతోంది, దారం కొస కనపడుతోంది, రెండూ కలవడం లేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా కాలేదు. కణతలు అదురుతున్నాయి. అద్దాల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. వాన నీళ్లు కావు. లోపలివైపు.

పొయ్యి వైపు చూసింది. మంట పసుప్పచ్చగా ఉంది.

అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. గోడ పట్టుకుని పాకినట్టు వెళ్లి పొయ్యి కట్టేసింది. తలుపు తీస్తే సరిపోయేది. కానీ తలుపు పక్కనే వాడి మంచం, తీస్తే వాన వాడి ఛాతీ మీద పడుతుంది. ఆ స్థితిలో కూడా ఆవిడ బుర్రకి తోచింది అదే. అందుకని చెయ్యెత్తి నలుచదరపు దిండు పీకేసి, కప్పు మూత తెరిచింది. తర్వాత నేల మీద కూలబడి గుండ్రటి దిండు కోసం చెయ్యి చాచింది.

చాచిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

దిండు నడిమధ్య బట్ట లోపలికి కుంగుతోంది. నెమ్మదిగా... కిందికి... ఎవరో అవతలినుంచి లాగుతున్నట్టు. తర్వాత వదిలేసింది. బట్ట మళ్లీ పైకి ఉబ్బింది.

మళ్లీ కుంగింది.

గాలేమో, అనుకుంది అక్క. గాలే. పైన మూత తెరిచాను కదా, కింద గాలి ఆడుతోంది. కానీ పైన మూత తెరిస్తే కింద గాలి లోపలికి రావాలి. ఆ మాత్రం ఆవిడకి వచ్చేసింది ఈ పాటికి. బయటికి పోకూడదు.

పైపింగు అంచు గోళ్లతో పట్టుకుని లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. అవతలినుంచి కూడా పట్టు బిగిసింది. పంటి బిగువున మళ్లీ లాగితే, తడిపెదవులు విడిపడినట్టు చిన్న చప్పుడుతో ఊడి చేతిలోకొచ్చింది. కింది వైపు బట్ట తడిగా ఉంది. ముడతలుపడి ముందుకి పొడుచుకొచ్చి ఉంది.

బయట చలి ఎముకలు కొరికేస్తోంది. కన్నంలోంచి వచ్చిన గాలి మాత్రం వెచ్చగా ఉంది. పెట్టెలో మగ్గిన బట్ట వాసన... నోటి వాసన.

తెల్లదారం లేచి నిలబడింది.

తర్వాత వంగింది. జాలీలోంచి కిందికి జారింది. కొస దాకా.

మళ్లీ లేచింది.

అక్క తల తిప్పి మంచం వైపు చూసింది. తమ్ముడి ఛాతీ పైకి లేస్తోంది. దారం కూడా లేస్తోంది. వాడి ఛాతీ దిగింది. దారం కిందికి జారింది. లేచింది... దిగింది... ఇద్దరిదీ ఒకటే ఊపిరి. ఒకరు వదిలింది ఒకరు తీసుకుంటున్నట్టు.

"ఒరేయ్," అంది అక్క. "చిన్నోడా..."

వాడి ఛాతీ దిగింది. దారం కిందికి జారింది. చాలాసేపు అక్కడే ఉంది.

తర్వాత దారం లేచింది.

వాడి ఛాతీ లేవలేదు.

ఆ తర్వాత ఆవిడకి చలి గుర్తులేదు, వాన గుర్తులేదు. తలుపు ఎలా తీసిందో, తనకంటే రెట్టింపు బరువున్న వాణ్ని చంకల కింద చేతులేసి ఎలా ఈడ్చిందో తెలియదు. బురదలో బోర్లా పడేసి వీపు మీద గుద్దింది. పేరు పెట్టి పిలిచింది, తిట్టింది, బతిమాలింది. చివరికి వాడు ఒక్కసారిగా ఎగశ్వాస తీసి, కక్కుకుని, దగ్గాడు. ఆ దగ్గు వింటే ఆవిడకి ఏడుపొచ్చింది. చిన్నప్పట్నుంచీ వాడి దగ్గు విని సంతోషపడింది ఆ ఒక్కసారే. అరుపులకి రిజర్వాయరు కాపలాదారు టార్చి వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. అతని జీపులోనే ఆస్పత్రికి వెళ్లారు.

డాక్టరు అంతా విని తల పంకించింది. "మూసిన గదిలో పొయ్యి వెలిగిస్తే గాలి విషమవుతుందమ్మా. బుర్ర పనిచెయ్యదు. లేనివి కనపడతాయి. ఇంకాసేపైతే ఇద్దరూ ఉండేవాళ్లు కాదు."

అక్కకి ఆ మాట ఎంత హాయిగా ఉందో చెప్పలేం. లేనివి కనపడ్డాయి. అంతే. చంపబోయింది తను కుట్టిన దిండే గానీ మరేదీ కాదు. ఆ తప్పు మొయ్యడమే ఆవిడకి తేలికనిపించింది.

తమ్ముడు తిట్టలేదు. "నీ ప్రేమకో దండం అక్కా," అని మాత్రం అన్నాడు, నీరసంగా నవ్వుతూ. బండి గట్టు దగ్గరే ఉండిపోయింది. దాని ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

ఇంటికొచ్చిన రోజే అక్క కత్తెర పట్టుకుని బయల్దేరింది. తలుపు కింద దిండు తీసేసింది. కిటికీ చట్రాల పట్టీలు పీకేసింది. తాళం కన్నంలో బిళ్ల కూడా వదల్లేదు. ఇంట్లో ఉన్న ప్రతి కిటికీ బార్లా తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఇల్లు గాలికి వదిలేయడం అదే మొదలు. వీధిలోవాళ్లు కూడా ఆగి చూశారు.

వారం పోయాక ఒక మధ్యాహ్నం. ఎండ నిలబడి ఉంది. వాకిట్లో మొక్కల ఆకు కూడా కదలడం లేదు. పక్క గదిలో తమ్ముడు అన్నం తిని పడుకున్నాడు. వాడికి చలిగా ఉందంటే ఫ్యాను కూడా ఆపేసింది. అక్క మిషను ముందు కూర్చుని సోఫా కవరు కుడుతోంది. మనసు నిమ్మళంగానే ఉంది. ఎర్రదారం కావాల్సొచ్చి, గోడకున్న ఉండల స్టాండు వైపు చెయ్యి చాచింది.

ఉండలకి వేలాడుతున్న దారాల కొసలు, ఎరుపూ పసుపూ నలుపూ అన్నీ, పక్క గది గుమ్మం వైపు వంగి ఉన్నాయి.

చూస్తుండగానే వెనక్కొచ్చాయి.

మళ్లీ వంగాయి.

అక్క మిషను మీంచి కాలు తీసింది. చేతికి ఏ దారం దొరికితే అది తెంపుకుని, అడుగులో అడుగేసుకుంటూ ఆ గదిలోకి వెళ్లింది. తమ్ముడు వెల్లకిలా నిద్రపోతున్నాడు. మొహంలో రంగు తిరిగొచ్చింది. ఛాతీ నిదానంగా లేస్తోంది, దిగుతోంది. దేవుడా, బాగానే ఉన్నాడు అనుకుంది.

మంచం అంచున కూర్చుని, చిన్నప్పుడు పట్టుకున్నట్టే, వాడి ముక్కు ముందు దారం పట్టుకుంది.

ఛాతీ లేచింది. దారం నిటారుగా వేలాడుతోంది.

ఛాతీ దిగింది. దారం కదల్లేదు.

దారాన్ని ఇంకా దగ్గరగా, పెదవులకి తగిలేంత దగ్గరగా పెట్టింది. లేచింది... దిగింది... దారం అలాగే ఉంది. ఆవిడ వెనక, గుమ్మంలోంచి అదే నోటి వాసనతో వెచ్చటి గాలి ఒకటి వచ్చి మెడకి తగిలి, వెనక్కి వెళ్లింది.

"ఒరేయ్..." అంది అక్క, వినపడీ వినపడకుండా.

వాడు కళ్లు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. గొంతు వాడిదే. కానీ పుట్టి ఇన్నేళ్లలో ఆవిణ్ని ఏనాడూ అక్కా అని తప్ప పిలిచినవాడు కాదు. ఇప్పుడు వాడి నోట వచ్చిన మాట పెద్దాయన అన్నప్పుడు వాడు ఇంజను రొదలో ఉన్నాడు. ఆ తర్వాత వాడికి ఎవరూ చెప్పలేదు.

"ఏమీ అడ్డం పెట్టకమ్మా."

ఆ మాట బయటికొస్తున్నప్పుడు కూడా, వాడి పెదవుల ముందున్న దారం కదల్లేదు.